చిన్న సార్ చూపించిన వైపు

ఆ జిమ్నాస్టిక్స్ హాల్లో ఇద్దరు సార్లు. పిల్లల్ని పోటీలకు తయారుచేసేవాడు పెద్ద సార్. ముక్కు తుడుచుకోవడం కూడా రాని పిల్లలకు పల్టీలు నేర్పేవాడు చిన్న సార్. పేరుకే చిన్న. వయసు యాభై రెండు, మోకాళ్ళు రెండూ ఎప్పుడో మొరాయించాయి. గోడ మీది పతకాల ఫొటోల్లో ఆయన ఎక్కడా ఉండడు. అయినా ఆ ఫొటోల్లో నవ్వే ప్రతి పిల్లా మొదట ఆయన దగ్గర బోర్లాపడి లేచినదే. ఆ మాట ఇంకెవరూ అనరు గనక అప్పుడప్పుడు ఆయనే అనుకుంటూ ఉంటాడు.

ఆయనకో పట్టింపు ఉంది. ఏది చూపించినా పిల్లలకు వీపు పెట్టి నిలబడి చూపిస్తాడు. ఎదురుగా నిలబడి కుడిచెయ్యి వేస్తే, పసిపిల్ల అద్దంలో చూసినట్టు ఎడమచెయ్యి వేస్తుంది. ఒంటికి ఏ వైపు నచ్చుతుందో తేలకముందే నచ్చని వైపు అలవాటైపోతుంది. కొత్తగా చేరిన ప్రతి కోచ్‌కీ ఈ సంగతి చెవినిల్లు కట్టుకుని చెప్పాడు.

ఒక్క పిల్ల దగ్గర మాత్రం తానే తప్పాడు. ఆ పిల్ల సొంత అక్క కూతురు. నాలుగున్నరేళ్ళప్పుడు అక్క తెచ్చి దింపి వెళ్ళింది. మామయ్య మొహం కనపడకపోతే చాలు, హాలు ఎగిరిపోయేలా ఏడుపు. సరేనని గారాబం కొద్దీ ఎదురుగానే నిలబడి, చేతులు ఒకదాని తర్వాత ఒకటి నేలకానించి పక్కకి చక్రంలా తిరిగే కార్ట్‌వీల్ చూపించాడు. వారం తిరక్కుండా పట్టేసింది, ఎడమచేత్తో. ముద్దొచ్చి చప్పట్లు కొట్టాడు. రేపు సరిచేద్దాంలే అనుకుని మరిచిపోయాడు.

పన్నెండేళ్ళు వచ్చేదాకా ఏమీ బయటపడలేదు. పెద్ద సార్ దగ్గరికి వెళ్ళి, గాలిలో ఒళ్ళు మెలితిప్పే ట్విస్టులు మొదలుపెట్టాక వచ్చింది గొడవ. నేల మీద ఎడమవైపు తిరిగి లేస్తుంది, గాల్లోకి వెళ్ళాక ఒళ్ళు కుడికి లాగుతుంది. నేల ఎటుందో తెలియక ఒకసారి భుజం మీద పడింది. మెడ మీద పడాల్సింది, అదృష్టం. అప్పట్నుంచి పరుగెత్తుకొచ్చి ఠక్కున ఆగిపోవడం మొదలైంది. పదమూడు నిండేలోగా ఎంపికల్లో నెగ్గితేనే జట్టులో చోటు. ఉన్నది ఏడు నెలలు.

"ఒట్టి పిరికిపిల్లండీ," అన్నాడు పెద్ద సార్ మొదట. తర్వాత వీడియో నెమ్మదిగా తిప్పి తిప్పి చూసి, చిన్న సార్‌ను పిలిచాడు. "ఇది కుడివైపు పిల్ల కదండీ! ఎడమకి ఎవరు పెట్టారు?"

చిన్న సార్ వీడియో మీంచి చూపు తిప్పేశాడు. "చిన్నప్పుడే అలా అలవాటు పడిపోయిందండీ," అన్నాడు. ఎదురుగా నిలబడి చూపించింది తనేనని చెప్పలేదు.

కుడికి మార్చే పని ఐదు నెలలు నడిచింది. ఎందుకు మారుస్తున్నారో పిల్లకు ఎవరూ చెప్పలేదు. పాత అలవాటు పోలేదు, కొత్తది రాలేదు. చివరికి వచ్చిన ఎడమ కూడా చెడింది. ఎంపికలకు పంపే ఆరుగురిలో పెద్ద సార్ ఆ పిల్లను వెయ్యలేదు.

ఆ రోజు బట్టలు మార్చుకునే గది బయట బల్ల మీద కూర్చుని, మణికట్టు పట్టీలు విప్పుకుంటూ అంది: "నేనే పిరికిదాన్ని మామయ్యా. అమ్మకి నువ్వే చెప్పు, నాకు సిగ్గేస్తోంది."

ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. "నీ తప్పు కాదే, నాది," అని మొత్తం చెప్పేశాడు. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది. పిల్ల మొహం వెలిగిపోయింది.

"అంటే నేను పిరికిదాన్ని కాదా? మొదట్లోనే తప్పు పడిందా? అయితే మళ్ళీ మొదట్నుంచీ నేర్పెయ్ మామయ్యా! నీ బుడతలతో నిలబడతాను, నాకేం నామోషీ లేదు. ఇంకా రెండు నెలలున్నాయిగా, పెద్ద సార్‌కి చేసి చూపిద్దాం!"

లాభం లేదని ఆయనకు తెలుసు. ఆ మొహం చూస్తూ లేదనడానికి మాత్రం ధైర్యం చాలలేదు.

మర్నాడు సాయంత్రం, తన నడుం దాకా కూడా రాని పిల్లల వరసలో నిలబడింది. ఆయన మోకాళ్ళ నొప్పి పంటి బిగువున పట్టి కార్ట్‌వీల్ వేసి చూపించాడు. పిల్ల గీత మీదికి వచ్చి చేతులెత్తింది. కుడికాలు ముందుకొచ్చి వెనక్కి పోయింది. ఎడమకాలు వచ్చింది, అదీ పోయింది. మళ్ళీ కుడికాలు. ఎత్తిన చేతులు మాత్రం దించడం లేదు.

"ఒక్క నిమిషం మామయ్యా, ఒక్క నిమిషం," అంది.

ఆయన ఆ నిమిషం ఆగాడు. ఇంకో రెండు కూడా ఆగాడు.

వెనకనున్న బుడతకు ఓపిక అయిపోయింది. "సార్, అక్క కదలట్లేదు. నేను వెళ్ళనా?"

"పక్కనుంచి వెళ్ళమ్మా," అన్నాడు చిన్న సార్.