మొదటి మాత్ర యజమానిది

నేను చేసిన తెలివితక్కువ పనులన్నిటినీ వరసగా నిలబెడితే కద్మా బజారు నుంచి సువర్ణరేఖ వంతెన దాకా సరిపోతాయి. ఆ వరసకు ముందు జెండా పట్టుకుని నిలబడే పని ఒకటుంది. అది మా ఇంటిని కొద్దిలో ముంచేసేది. ముంచలేదు కనకనే ఇవాళ నవ్వుతూ రాస్తున్నాను. భార్యాభర్తల సంగతులు అచ్చులో చూడలేనివారు ఇక్కడే పేజీ తిప్పేయవచ్చు. తిప్పరని నాకు తెలుసు.

మాది శ్రీకాకుళం జిల్లా చివర, ఒరిస్సాకు ఆనుకుని ఉన్న చిన్న జమీందారీ. తాతగారి హయాంలోనే అది అరిగి అరిగి నా చేతికి ఏమీ లేకుండా వచ్చింది. నాకు మిగిలినవి మూడు: వంగని వెన్నెముక, ఒక వెండి మరచెంబు, కొన్ని ఆచారాలు. ఈ మూడింటితో జంషెడ్‌పూర్ వచ్చి ఒక కర్మాగారంలో సూపర్‌వైజరుగా చేరాను. కద్మాలో అద్దెకుంటూ, రేకుల పెట్టెను కూడా రాజముద్ర ఉన్నట్టు మోసుకు తిరిగేవాణ్ణి.

ఇది రెండువేల ఆరు వేసవి మాట. మా అమ్మాయికి అప్పుడు ఎనిమిది నెలలు. ఆపరేషను చేసి తీశారు. ఆ రోజు నా భార్య సుభద్రకు రక్తం చాలా పోయింది. ఇంటికి పంపేటప్పుడు బెంగాలీ డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి, రెండేళ్ళ దాకా మళ్ళీ కడుపు రాకూడదని, లోపలి కుట్టు గట్టిపడకముందే వస్తే తల్లికే ప్రమాదమని చెప్పింది. పొరపాటేదైనా జరిగితే అత్యవసర మాత్రలున్నాయని, మూడు రోజుల్లోపల వేసుకోవాలని, ఎంత త్వరగా వేసుకుంటే అంత బాగా పనిచేస్తాయని కూడా చెప్పింది. సుభద్ర శ్రద్ధగా విన్నది. నేను గోడమీది క్యాలెండరు చూశాను.

జాగ్రత్త తీసుకోలేదని అనుకోకండి. తీసుకున్నాను, కాని నా పద్ధతిలో. కండోములు ఊళ్ళో కొనడం నామోషీ అని, కలకత్తా వెళ్ళినప్పుడు నన్నెరగని ఒక వీధిలో ఏడాదికి సరిపడా కొనుక్కొచ్చి ఆ రేకుల పెట్టెలో దాచాను. పెట్టె ఉండేది అటకమీద, అటక ఉండేది రేకుల కప్పు కింద. జంషెడ్‌పూర్ వేసవిలో ఆ పెట్టెలో అప్పడాలు పెడితే వేగి ఉండేవి. రబ్బరు ఏమవుతుందో ఆలోచించేపాటి చదువు నాకుంది. ఆలోచించలేదు, అంతే.

ఒక ఆదివారం మధ్యాహ్నం మూడు గంటల వేళ, పిల్ల నిద్రపోతుండగా, సుభద్ర లేచి కూర్చుని మెల్లగా అంది:

"సినిగిపోనాదండి."

ఏది అని నేను అడగలేదు. ఆమె మొహంలో రంగు లేదు. ఆపరేషను గదిలోకి తీసుకువెళ్ళేటప్పుడు చూసిన మొహం అది.

"మూర్తిగారి షాపు తెరిసే ఉంటాది. బేగి ఎల్లి ఆ మాత్రలు తెచ్చీండి."

ఇక్కడ మూర్తి గురించి చెప్పాలి. మా వీధి చివర మందుల షాపు అతనిది. అతని తాత మా తాతగారి కచేరీలో గుమాస్తా. మూర్తి నన్ను చూస్తే కడుతున్న పొట్లం వదిలేసి మరీ లేచి నిలబడి "రండి బాబుగారూ" అంటాడు. ఈ ప్రపంచంలో నన్ను చూసి లేచి నిలబడే మనిషి అతనొక్కడే. అలాంటివాడి దగ్గరకు వెళ్ళి, నిన్నటిదాకా ఉన్న పెద్దరికాన్ని కౌంటరు మీద పెట్టి, ఈ మాత్రలివ్వు అని ఎలా అడగను?

"మూడు రోజులున్నాయి కదా, రేపు తెస్తాను" అన్నాను, రాజ్యం రాసిచ్చినంత నిబ్బరంగా.

సోమవారం ఉదయం డ్యూటీ దిగగానే స్కూటరు మీద వంతెన దాటి అవతలి మాంగో పేటకు వెళ్ళాను. అక్కడ నన్నెరిగిన ప్రాణి లేదు. దారి పొడుగునా హిందీలో ఒక వాక్యం తయారుచేసుకున్నాను. అందులో ఒక మిత్రుడున్నాడు, ఆ మిత్రుడికి భార్య ఉంది, ఆమెకు ఒక చిన్న ఇబ్బంది ఉంది. షాపు మెట్లెక్కేసరికి లోపల ఇద్దరు ముసలమ్మలు, బుర్ఖాలో ఒక తల్లి, మెడకు పట్టీ వేసుకున్న ఒక పెద్దమనిషి ఉన్నారు. షాపాయన నావైపు తిరిగి "క్యా చాహియే?" అన్నాడు. నా మిత్రుడు, అతని భార్య, ఇద్దరూ నన్నొదిలేసి పారిపోయారు.

దగ్గు మందు కావాలన్నాను.

పొడి దగ్గా, కఫం దగ్గా అని అడిగాడు. తేల్చుకోలేక దగ్గి చూపించాను. మెడకు పట్టీ ఉన్నాయన జాలిపడి, ఇది పాత దగ్గు, పెద్ద సీసా తీసుకోమన్నాడు. పెద్ద సీసా, దూది, ఒక థర్మామీటరు కొని ఇల్లు చేరాను.

సుభద్ర సంచి తెరిచి ఒక్కొక్కటే బయటపెట్టింది. "దగ్గెవరికండి?"

"ముందుజాగ్రత్త."

"ముందుజాగ్రత్త నిన్న ఉండాల" అంది. తరవాత, నేనే ఎల్లి తెచ్చుకుంటాను, పిల్లని పట్టుకోండి అని చెప్పులు వేసుకోబోయింది. మా ఇంటి ఆడవాళ్ళు మందుల షాపు మెట్లెక్కరని అన్నాను. ఆడోళ్ళు ఎక్కరు, ఎక్కిన మగోళ్ళు తేరు అని ఆమె గొణిగింది. రేపు తప్పక తెస్తానని మా తాతగారి మీద ఒట్టు పెట్టాను. అప్పటికి ఒక రోజు పోయింది. ఆ పోయిన రోజు నా భార్య ఒంట్లోంచి పోయిందని నాకు తట్టలేదు.

మంగళవారం టెల్కో కాలనీ వైపు పోయాను. ఈసారి నోటితో పని లేకుండా కాగితం మీద రాసుకుని వెళ్ళాను. బళ్ళో తెలియని జవాబు చూసి రాసినవాడిలా ఆ కాగితాన్ని కౌంటరు మీద బోర్లించి తోశాను. షాపాయన తిప్పి చదివి, పెట్టె తీసిచ్చి, ఎలా వాడాలో చెప్పబోయాడు. ఎవరో వస్తున్న అలికిడైంది. వినకుండా బయటపడ్డాను. స్కూటరు ఎక్కాక గాని గాలి పీల్చుకోలేదు. గెలిచిన సైన్యంలా ఇల్లు చేరాను. టైము నాలుగున్నర. సుభద్ర లోపల పిల్లకు నీళ్ళు పోస్తోంది.

సరిగ్గా ఇక్కడ, పాఠకులారా, మా ఆచారం ప్రవేశిస్తుంది.

మా వంశంలో ఏనాడో ఒక దొరసానికి వైద్యుడి చూర్ణంలో విషం కలిపారని కథ. అప్పటినుంచి ఇంటి ఆడవాళ్ళకోసం బయటినుంచి ఏ మందు వచ్చినా మొదటి మోతాదు ఇంటి యజమాని తీసుకోవాలి. తీసుకుని గంటసేపు కుర్చీలో కూర్చోవాలి. బతికుంటే లోపలికి పంపాలి. నేను ఈ నియమం ఏనాడూ తప్పలేదు. సుభద్ర కడుపుతో ఉన్నప్పుడు ఇనుము మాత్రల్లో మొదటిది నేనే మింగాను. బాలింత లేహ్యం మొదటి ముద్ద నాదే. సీసాల్లో వందలకొద్దీ ఉండేవి కనక ఒకటి తగ్గినట్టు ఎవరికీ తెలియలేదు.

ఈ పెట్టెలో ఉన్నవి రెండే.

మరచెంబుతో మంచినీళ్ళు తెచ్చుకుని, తూర్పుకు తిరిగి, ఒకటి మింగాను. కుర్చీలో నిటారుగా కూర్చుని నాడి పట్టుకుని గడియారం చూస్తున్నాను. పిల్లకు పౌడరు వేసి, నిద్రపుచ్చి సుభద్ర వచ్చేసరికి అయిదున్నర. పెట్టె చూసి ఆమె మొహం విప్పారింది. తెరిచింది. మళ్ళీ ముడుచుకుంది.

"రెండుండాల కదండీ. రెండోదేది?"

"పరీక్షించాను."

"ఎక్కడ?"

నేను నా పొట్టవైపు చూపించాను.

సుభద్ర పెట్టె మూసింది. కోప్పడుతుందనుకున్నాను. మెల్లగా అంది: "పోన్లెండి. మీకింక కడుపొచ్చే బయం నేదు."

తరవాత గోడకానుకుని కూర్చుని ఏడ్చింది. "నానుండనేమో, పిల్ల ఏటైపోతాదోనని రెండ్రోజులనుండి తిండి దిగట్లేదండి నాకు. మీరేమో మందుల్తో ఆటలాడుతున్నారు."

అప్పటిదాకా నా పరువు ఒక పక్క, మిగిలిన లోకం ఒక పక్క అనుకుంటూ వచ్చాను. ఆ రెండో పక్క ఈమె ఒక్కతే కూర్చుని ఉందని అప్పుడు చూశాను. చూశాక నా వెన్నెముక మొదటిసారి కొంచెం వంగింది. లేచి డాక్టరమ్మకు ఫోను చేశాను.

ఎన్ని గంటలైందని ముందు అడిగింది. యాభై దాటిందని చెప్పాను.

"ఇంత ఆలస్యం ఎందుకు చేశారు? సరే, ఒకటైనా వేసుకుందా?"

"ఒకటి వేసుకోవడం జరిగింది."

"ఎప్పుడు?"

"గంట క్రితం."

"మంచిది. అయితే రెండోది..."

"వేసుకున్నది నేనండి."

తీగ అవతల కలం కింద పెట్టిన చప్పుడైంది. ఆ తరవాత చాలా మర్యాదగా, "మీకు కూడా లోపల కుట్లున్నాయా?" అని అడిగింది.

ఆచారం వివరించబోయాను. ఆమె వినలేదు, ఫోను సుభద్రకివ్వమంది. ఆమె చెప్పినవన్నీ సుభద్ర పైకి తిరిగి చెబుతుంటే, ఎనిమిది నెలల కిందట వినవలసినవాటిని నేనప్పుడు విన్నాను. ఉన్న మాత్ర ఈ నిమిషమే వేసుకోవాలి. ఇంకో పెట్టె తెప్పించి రెండోది కూడా వెంటనే వేసుకోవచ్చు, ఆగనక్కరలేదు. మూడు గంటల్లోపల వాంతి అయితే మళ్ళీ ఫోను చేయాలి, మోతాదు తిరిగి వేసుకోవలసి రావచ్చు. పిల్లకు పాలివ్వవచ్చు. ఈసారి నెలసరి నాలుగు రోజులు ముందూ వెనకా కావచ్చు, వారం దాటితే పరీక్ష చేయించుకోవాలి. ఈ మాత్ర జరిగినదానికే గాని రేపటికి కాపలా కాయదు. కనక దీన్ని అలవాటు చేసుకోకుండా, నెలసరి రాగానే వచ్చి నిలకడైన పద్ధతి ఏదైనా ఎంచుకోవాలి.

చివరికి నా గురించి కూడా అడగమన్నాను. సుభద్ర అడిగింది. జవాబు విని ఫోను పెట్టేసింది.

"మీకేటీ అవదట. వికారమొస్తే కూకోమన్నారు."

ఉన్న మాత్ర వేసుకుని, పిల్లను నా చంకకెత్తి, చెప్పులు తొడుక్కుని, ఈసారి నా అనుమతి అడగకుండా బయటికి నడిచింది. వెనకే నేను నడిచాను. మూర్తి ఎప్పటిలాగే లేచి నిలబడి "రండి బాబుగారూ" అన్నాడు. షాపులో ఇంకో ఇద్దరున్నారు. సుభద్ర వాళ్ళను చూడనైనా చూడకుండా మాత్ర పేరు చెప్పి అడిగింది. చింతపండు అడిగినట్టే అడిగింది. మూర్తి కూడా చింతపండు ఇచ్చినట్టే ఇచ్చాడు. డాక్టరమ్మ చెప్పిన సంగతే రెండు ముక్కల్లో తనూ చెప్పి, మంచినీళ్ళ గ్లాసు కూడా అందించాడు. ఆమె అక్కడే నిలబడి వేసుకుంది. ఆకాశం కూలలేదు. మా తాతగారు దిగిరాలేదు.

నేను మూర్తితో ఏదో సంజాయిషీ చెప్పబోయాను. అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇక్కడ కూకుని ఇరవయ్యేళ్ళయింది బాబుగారూ. ఏటి పట్టుకెల్తన్నారో సూత్తాను గాని, ఎవులు పట్టుకెల్తన్నారో సూడను. ముందే నా కాడికొచ్చుంటే సరిపోయీది గదా."

ఇంటికొచ్చాక మూడు గంటలు సుభద్ర ఎదురుగా కూర్చుని ఆమె మొహమే చూశాను. ఆమె చారన్నం తిని హాయిగా కూర్చుంది. వికారమంతా నాకు. మాత్ర వల్లనో, భయం వల్లనో, ఆచారం కొద్దీ నిన్న రుచి చూసిన దగ్గు మందు వల్లనో ఇప్పటికీ తెలియదు. కొత్త పెట్టెలో మిగిలిన మాత్రను చూపించి, "ఒకటుండిపోనాది. మీరేసుకుంటారేటి?" అని ఆమె అడిగింది. నేను గోడవైపు తిరిగాను.

నవ్వు అక్కడితో ఆగింది. నెలసరి తేదీ వచ్చింది, దాటింది. ఒక రోజు, రెండు, మూడు. డ్యూటీలో మిషను చప్పుడు కూడా తేదీలు లెక్కపెడుతున్నట్టే వినిపించేది. ఆలస్యం చేసిన రెండు రోజులను తిరిగి కొనుక్కోగలిగితే ఆ మరచెంబు ఇచ్చేసేవాణ్ణి. ఒకరికొకరం ఏమీ అడిగేవాళ్ళం కాదు. ఆమె స్నానాల గదిలోకి వెళ్ళినప్పుడల్లా నేను తలుపు బయట పేపరు చదివేవాణ్ణి. అయిదు రోజులు ఒకే పేపరు చదివాను.

అయిదో రోజు పొద్దున తలుపు సందులోంచి గొంతు వినిపించింది.

"వచ్చిందండి."

నేను వంటింటి గచ్చు మీద కూలబడ్డాను. పిల్ల పాకుతూ వచ్చి నా మీసం పట్టుకుని లాగింది. లాగనిచ్చాను. సుభద్ర వచ్చి పక్కనే కూర్చుంది. ఇద్దరం కన్నీళ్ళు కారేదాకా నవ్వాం. ఎందుకు నవ్వుతున్నామని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేవాళ్ళం. ఆ వారంలోనే డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళాం. సుభద్ర కాపర్-టీ పెట్టించుకుంది. ఈసారి నేను క్యాలెండరు చూడలేదు. ప్రతి మాటా విన్నాను, అర్థం కానిచోట రెండుసార్లు అడిగాను. డాక్టరమ్మ నన్ను చూసి నవ్వాపుకోవడానికి కళ్ళద్దాలు తుడుచుకుంది.

కాబట్టి పాఠకులు సాక్షిగా, పూర్వీకుల పటాల ముందు నిలబడి, నేను చేస్తున్న ప్రతిజ్ఞ ఇది. మా ఇంట ఇకమీదట ఎవరికి రాసిన మందు వారే మింగుదురు గాక. అవసరమైన వస్తువు ఏదైనా సరే, పక్క ఊరు పారిపోకుండా, మా వీధి షాపులోనే, అదే రోజు, నలుగురూ వినేలా పేరుపెట్టి అడుగుతాను. మా తాతగారు ఏనుగును పిలిచేవారట, ఆ గొంతుతో అడుగుతాను. ఏనుగు ఎలాగూ లేదు. గొంతు ఒక్కటే వారసత్వంగా వచ్చింది, దాన్నైనా దాచుకోకుండా వాడతాను.