మామూలు తొంభై ఎనిమిది

మా మేనత్త పోయిందని కల్మల ఊరి నుంచి ఫోన్ వచ్చేసరికి నా లాప్‌టాప్‌లో ఒక పెళ్లి వీడియో రెండర్ అవుతోంది. వేడి తొంభై ఆరు డిగ్రీలు చూపిస్తోంది. ఆ అంకె వైపే చూస్తూ కబురు విన్నాను. ఆపెయ్యాలని కూడా తోచలేదు.

నేను రాయచూరులో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. తీసిన ముక్కలన్నీ ఒకే సినిమాగా కలిపే ఈ రెండర్ సాగేటప్పుడు లాప్‌టాప్ గంటల తరబడి ఊపిరి తిప్పుకోకుండా పనిచెయ్యాలి. మా ఎండల్లో అది నరకమే. వేడెక్కితే నెమ్మదిస్తుంది, ఇంకా వేడెక్కితే టప్పున ఆరిపోతుంది. పని మళ్లీ మొదటికొస్తుంది.

సొంతంగా ఒప్పుకున్న మొదటి పెళ్లికి అదే జరిగింది. సాయంత్రం రిసెప్షన్‌లో తెర మీద వెయ్యాలి, పొద్దుట్నుంచి రెండుసార్లు ఆరిపోయింది. ఇంకోసారి ఆరితే ఊళ్లో నా పేరు అక్కడితో సరి. "అత్తా, తొంభై ఎనిమిది!" అని కేకేశాను. అప్పుడు నా దగ్గరే ఉండే అత్త వంటింట్లోంచి వచ్చి చూసి నవ్వింది.

"తొంభై ఎనిమిదికి గింత లొల్లా? జరమే లేదు గద. మామూలే."

ఆమెకు తెలిసింది జ్వరం కొలిచే డిగ్రీలే మరి.

"గా లెక్క వేరత్తా. దీంట్ల నూరంటే నీళ్లు మసుల్తయ్!"

అత్త మొహం మారిపోయింది. ఉరికి తడిగుడ్డ తెచ్చి లాప్‌టాప్ మీద వెయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ గుడ్డను ఏం చెయ్యాలో తోచక నా నుదుటి మీద వేసింది.

"అయితె నీకే. దాని జరం నీకెక్కింది."

తర్వాత పరుపు మీంచి దాన్ని తీయించి, నాలుగు చట్నీ గిన్నెలు బోర్లించి వాటి మీద పెట్టించింది. చేటతో విసురుతూ కూర్చుంది. నేను పక్కన ఇంకేవో తెరిచి పెట్టుకున్నానని తెలిసి కసిరింది. "ఒక్క పని చెయ్యనియ్యే దాన్ని. ఉరికినోనికి ఏం గాదు. ఆగకుండ ఉరికినోనికే దమ్ము పోతది." తొంభై నాలుగు, తొంభై ఏడు, మళ్లీ తొంభై మూడు. పెళ్లికూతురు ముస్తాబై కూర్చునే వేళకి వీడియో పూర్తయింది.

అప్పట్నుంచి ఏ ఊళ్లో ఉన్నా ఫోన్ చేసి "ఎంతుంది?" అనేది. నేను తిన్నానా లేదా అన్నది ఆ తర్వాతే. తను మాత్రం ఆగేది కాదు. కల్మలలో కూతురింటికి పోయినా జొన్నరొట్టెలు తనే కొట్టాలి. నాకు చెప్పిన సుద్దులు తనకు పట్టవు, ఎంత మొండిదో!

అక్కడే జ్వరం తెచ్చుకుంది. వస్తానంటే వద్దంది. పోయిన రోజు పొద్దున ఫోన్‌లో నేనే అడిగాను, ఎంతుందత్తా అని.

"తొంభై ఎనిమిదే బిడ్డ. నాది మామూలు తొంభై ఎనిమిది, నీ మిషన్‌ది గాదు. పరేషాన్ గాకు, పని గానియ్యి."

నమ్మి రెండర్ మొదలుపెట్టాను. మధ్యాహ్నానికల్లా ఆమె గుండె ఆగిపోయింది.

అంతా అయ్యాక ఇంటికి తిరిగొచ్చాను. రెండర్ ఎప్పుడో పూర్తయింది. లాప్‌టాప్ ఫ్యాన్ చప్పుడు లేదు. కింద నాలుగు గిన్నెలూ అలాగే బోర్లించి ఉన్నాయి. ఫోన్ పక్కన పెట్టుకుని తెర మీద వేడి అంకె చూశాను.

"నలభై ఎనిమిదత్తా," అని పైకే చెప్పాను.