దొరసానికి తిట్లు నేర్పిన మెట్సా

మా పెద్దమ్మ మెట్సా, సార్ అనే నది ఒడ్డున ఉన్న కోటలో వంటమనిషి. చేతిలో ఎంత రుచో నోట్లో అంత పదును.

ఒక చలికాలం ఉదయం పిండిమర నడిపే ఎంగెల్ తవుడు కలిపిన పిండి తెచ్చాడు. పెద్దమ్మ పెరట్లోనే తిట్లు అందుకుంది.

"ఊదిన పందిపేగా! గాలి తప్ప ఏముందిరా నీలో? ఈ తవుడు నీ గాడిదకి పెట్టు, అదీ నీ మొహాన ఉమ్ముతుంది!"

పైన కిటికీ తెరుచుకుంది. దొరసాని యోలాండ్ తొంగిచూసి, "ఆమెని పైకి పంపండి" అంది.

కొలువు ఊడిందనుకుంటూ పెద్దమ్మ మెట్లెక్కింది. దొరసాని ఫ్రెంచి రాజుల ఇంటి ఆడపడుచు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న వీరగాథను మా జర్మన్ భాషలోకి మారుస్తోంది. చెబుతుంటే రాసేది వోల్పర్ట్ పాదిరి. మా భాష ఆమెకు నేర్పిందీ ఆయనే. అందుకే ఆమె ఏం చెప్పినా ప్రార్థనలా ఉండేది.

"మెట్సా, కింద ఏమన్నావో మళ్ళీ అను."

"తప్పయిపోయింది దొరసానీ."

"తప్పు కాదు. నా కథలో వీరుడు రాక్షసుణ్ణి తిట్టాలి. పాదిరిగారు 'ఓ దుర్జనుడా, పశ్చాత్తాపపడుము' అన్నారు. భయపడతాడంటావా?"

"వాడికి నిద్రొస్తుంది."

పెద్దమ్మ తిట్టు మళ్ళీ వినిపించింది. పాదిరి కలం కింద పెట్టేశాడు. "ఇది నేను రాయను."

"నేనే రాస్తాను," అని దొరసాని కలం అందుకుంది.

ఆనాటి నుంచి ప్రతి ఘట్టమూ పెద్దమ్మ వినాల్సిందే. ఒక ఘట్టంలో, అడవి పాలైన రాణి మూడు పుటలు ఏడ్చింది.

"చంకలో ఇద్దరు పిల్లలన్నారు కదా! వాళ్ళకి ఆకలెయ్యదా? లేచి నాలుగు కాయలేరుకోదా ఆవిడ?" అంది పెద్దమ్మ.



"మా ఆయన పోయినప్పుడు నేనూ రెండు రోజులే ఏడ్చాను. మూడో రోజు చిన్నవాడికి జ్వరమొచ్చింది," అంది దొరసాని మెల్లగా. తర్వాత రెండు పుటలు కొట్టేసింది.

"ఇక పైనే ఉండిపో మెట్సా" అంటే పెద్దమ్మ ఒప్పుకోలేదు. "పులుసు ఎవరు చూస్తారు?" అంది. దాంతో దొరసానే వంటింటికి దిగింది. బాతు ఈకలు పీకుతూ కథ చెప్పేది. పాదిరి తుమ్ముతూ రాసేవాడు.

ఈస్టరు విందులో పుస్తకం చదివారు. తిట్టు దగ్గర సభంతా పగలబడి నవ్వింది. పాదిరి తల వంచుకున్నాడు గానీ భుజాలు మాత్రం అదురుతూనే ఉన్నాయి.

చదవడం అయ్యాక దొరసాని గుమ్మం వైపు చూసింది. "ఎలా ఉంది మెట్సా?"

"బాగానే ఉంది. కానీ మీ వీరుడు, ఆ పిల్లాడు, నాలుగు రోజులు గుర్రం దిగకుండా యుద్ధం చేశాడు, ఒక్క ముద్దైనా తినలేదు. ఏదైనా పెట్టించండమ్మా."

మర్నాడు దొరసాని కథలో వీరుడికి రొట్టె, ఉల్లిపాయ, ఒక ముక్క జున్ను పెట్టించింది. ఫ్రెంచి పుస్తకంలో అవి లేవు.