నేను చూడని తలుపు

కాయలు మగ్గబెట్టే గదుల తలుపులూ గ్యాసూ నడిపే ప్రోగ్రాంని తనిఖీ చేయడం నా పని. ఆగిరిపల్లిలో ఇంట్లో కూర్చునే చేసేదాన్ని. హనుమాన్ జంక్షన్ దారిలో ఉన్న గోడౌన్‌లో మా పిన్ని ఆ గదుల్లోనే మామిడి ట్రేలు సర్దేది. తలుపు పడి గ్యాసు నిండాక లోపల మనిషి ఉండిపోతే ఊపిరాడదు. అంటే నేను తప్పు చేస్తే ప్రమాదం మా పిన్నికే.

మొదట్లో అంతా కళ్ళతోనే చూసేవాళ్ళం. నేను ఒక్కో లైనూ పైకి చదివేదాన్ని, ఫోన్లో అవతల నా తోటి ఉద్యోగి వినేవాడు. ఇంతలో సీజన్ ముంచుకొచ్చింది. "ఇలా నత్తనడకైతే ఎట్లాగండీ?" అని మేనేజరు ఒకటే నస. అనుమానమున్న లైన్లను కొత్తగా వచ్చిన తనిఖీ టూల్ ఏరి ఇస్తుందట, మనం వాటినే చూస్తే చాలట. ఏ పద్ధతి కావాలో తేల్చమన్నాడు. నాకూ బద్ధకమే, దాచడమెందుకు! టూలే చాలన్నాను.

కొత్త ప్రోగ్రాం గోడౌన్‌లో మొదలైన రోజు, మిట్టమధ్యాహ్నం. కిటికీ బయట తోటలో ఆకు కదలడం లేదు. ఊసుపోక టూల్ రిపోర్టు తెరిచాను. తలుపు భాగం ఎదురుగా నా పేరుంది. కింద "చూశాను, బానే ఉంది" అని నా మాటే. నేను ఆ భాగం తెరవనే లేదు! టైం చూస్తే ఆదివారం పొద్దున, నేను చర్చిలో ఉన్నప్పుడు. నా కుర్చీలో ఎవరో కూర్చుని వెళ్ళినట్టనిపించి వెనక్కి తిరిగి చూశాను కూడా.

తర్వాత గుర్తొచ్చింది. 'ఇలాంటివన్నీ ఇలాగే ఆమోదించు' అన్న గడిలో ఎప్పుడో టిక్కు పెట్టాను. అప్పట్నించీ అది నా బదులు సంతకం పెడుతోంది.

ఆ భాగాన్ని పైకి చదవడం మొదలుపెట్టాను. వినేవాళ్ళు లేక నా గొంతు నాకే పరాయిగా ఉంది. లోపల అయిదు నిమిషాలు కదలిక లేకపోతే గది ఖాళీ. ఖాళీ అని తేలాక తలుపు పడుతుంది, ఆ తర్వాత లోపల ఎవరు కదిలినా ఆగదు. ఇందులో టూల్‌కి తప్పేమీ కనిపించదు. కానీ ఈ ఎండల్లో అన్నం తిన్నాక పిన్ని ఆ చల్లటి గదిలోనే, ట్రేల వెనక నడుం వాలుస్తుంది. ఆ సంగతి టూల్‌కేం తెలుసు? నాకు తెలుసు.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను.

"ఏంటే, ఇప్పుడే కన్నంటుకుంది" అంది పిన్ని. ఆమె మాట వెనక సన్నగా ఏదో రొద.

"పిన్నీ, బయటికి రా! ముందు బయటికి రా!" అని అరిచాను.

గొణుక్కుంటూ లేచింది. చెప్పుల చప్పుడు. ఆపైన ధబ్బుమని తలుపు పడింది.

"పిన్నీ?"

ఫోన్ చెవికి అదిమిపట్టుకుని మళ్ళీ పిలిచాను.

"ఓయమ్మో, దానంతటదే పడిందే! కొంగు ఇరుక్కునేది కొంచెంలో" అంది చివరికి, బయటినుంచి.

నాకు ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి. "రోజూ తలుపుకి ట్రే అడ్డం పెట్టుకునే పడుకుంటావుగా, ఇవాళేమైంది?"

"పెట్టేదాన్నే. పొద్దున సూపర్‌వైజరు గారు నీ పేరున్న కాగితం చూపించి, మీ అమ్మాయే చూసిందమ్మా అన్నారు. నువ్వు చూశాక ఇంకా అడ్డమెందుకని తీసేశాను."