సంగటి సట్టి పట్టని సింకు

2022, ఆడి నెల చివరి వారం. ధర్మపురిలో సేలం వెళ్లే రోడ్డు మీద మా అంగడి. పైపులు, కొళాయిలు, సింకులు, బాత్రూం సామాన్లు అమ్ముతాం. మా నాన్న మొదలుపెట్టాడు. ఆయన పోయాక ఇరవై రెండేళ్లుగా నేనే చూసుకుంటున్నాను. బోర్డు తమిళంలో ఉంటుంది, బేరం తమిళంలో సాగుతుంది, ఇంటికి పోతే మాట తెలుగు. జూలై సగం నుంచి ఆగస్టు సగం దాకా ఉండే ఈ ఆడి నెలలో మా వైపు ఎవరూ కొత్త ఇంట్లో పాలు కాచరు. తర్వాతి నెల ఆవణి పుట్టగానే గృహప్రవేశం పెట్టుకున్నవాళ్లంతా ఆ చివరి వారంలోనే అంగడి మీద పడతారు. టీ తాగడానికి కూడా తీరిక దొరకదు.

ఆ రద్దీలో వచ్చాడు మునిరత్నం. పాపారపట్టి పక్కన రాగులు, టమోటాలు పండించే రైతు, మా తెలుగువాళ్లే. వెంట అతని ఇల్లు కడుతున్న కాంట్రాక్టరు కూడా ఉన్నాడు.

"అక్కా, వంటింటికి తొట్టి కావాల. మంచిది చూపియ్యండి" అన్నాడు మునిరత్నం. "కొత్త ఇంట్లో మా ఆమె అడిగిండేది ఇదొకటే. నిలబడుకొని పాత్రలు కడిగేదానికి తొట్టి. బోరు నీళ్లు తాగి తాగి నడుము పట్టుకొనేసింది ఆమెకు. కింద కూచోకూడదని డాక్టరు చెప్పినాడు."

ఆ మాట నాకు కొత్త కాదు. మా జిల్లాలో చాలాచోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఏళ్ల తరబడి తాగినవాళ్లకు కీళ్లు, వెన్నెముక బిగుసుకుపోతాయి. నలభై దాటీ దాటకముందే మెడ తిప్పలేని ఆడవాళ్లను నేను చాలామందిని చూశాను.

"మరి ఆమెను పిలుచుకొని రాలేదా అన్నా?" అని అడిగాను.

"ఆమెకేం తెలుస్తుందక్కా ఈ సామాన్ల సంగతి? ఇంట్లో పని ఉంది" అన్నాడు.

ఇక్కడ నా కడుపులో ఉన్నది చెప్పేస్తాను. మా అంగట్లో సింకు కొనడానికి వచ్చేది దాదాపు ఎప్పుడూ మగవాళ్లే. ఇంటి యజమాని, కాంట్రాక్టరు, బావమరిది. ముగ్గురూ సింకు చుట్టూ నిలబడతారు. ఒకడు వేలితో తట్టి శబ్దం వింటాడు. ఒకడు జేబులోంచి అయస్కాంతం తీసి అంటించి చూస్తాడు, అంటుకోకపోతే అసలైన 304 గ్రేడ్ అని, అంటే తుప్పు పట్టని మంచి స్టీలని, తల ఊపుతాడు. ఇంకొకడు రేకు మందం అడుగుతాడు. ఆ ముగ్గురిలో ఒక్కడు కూడా ఆ ఏడాది తాను తాగిన గ్లాసు కడిగి ఉండడు. ఎత్తెంత, లోతెంత, ఏ పాత్ర అందులో పెడతారు అని నేనడిగితే ముఖముఖాలు చూసుకుంటారు. చెప్పులు కొనేటప్పుడు కూడా కాలు పెట్టి చూసుకునే మనుషులు, రోజుకు మూడుసార్లు ఒక మనిషి నిలబడి పనిచేసే చోటును ఆ మనిషి లేకుండానే కొనేస్తారు.

కాంట్రాక్టరు ఫోనులో ఒక ఫోటో చూపించాడు. హోసూరులో మునిరత్నం బావమరిది ఇంట్లోది. నల్లటి క్వార్ట్జ్ సింకు, అంటే రాతిపొడిని అంటుమందుతో కలిపి పోత పోసింది. పక్కపక్కనే రెండు తొట్లు, లోతు పది అంగుళాలు. అట్లాంటిదే కావాలన్నారు.

"నడుము పట్టేసిన మనిషికి ఇంత లోతు పనికిరాదన్నా. అడుగు దాకా చెయ్యి పోవాలంటే వంగాల కదా" అన్నాను.

"అది స్టాండర్డ్ సైజు మేడమ్" అన్నాడు కాంట్రాక్టరు తమిళంలో, నాకు సైజులు తెలియనట్టు.

ఎవరికి స్టాండర్డ్? ఆ మాట ఎప్పుడు విన్నా నాకు ఒళ్లు మండుతుంది. కోపం మింగి మునిరత్నాన్నే అడిగాను, ఇంట్లో రాగి సంగటి వండుతారా అని.

"వండకుండానా? దినమూ వండేదే. పనోళ్లు కూడా తింటారు."

"వండే సట్టి ఎంతుంటుంది?"

అతను రెండు చేతులూ చాచి చూపించాడు. కాంట్రాక్టరు అటు తిరిగి, "పడుతుంది, పడుతుంది" అన్నాడు. ఆ చేతుల మధ్య దూరం నేను చూశాను. రెండు తొట్లలో ఏ ఒక్కదాని కంటే కూడా అది ఎక్కువే. అయినా నా వెనక ఇంకా అయిదారుగురు నిలబడి ఉన్నారు. ఎంతకని వాదించను అనుకున్నాను. బిల్లు రాసి, సింకు అట్టపెట్టెలో కట్టించి పంపేశాను. ఈ కథలో నేను తిట్టేవాళ్లలో నన్ను కూడా కలుపుకోవాలి.

కార్తీకంలో ఒక మంగళవారం పొద్దున, అంగడి ఊడ్చి అగరొత్తి వెలిగిస్తుంటే ఒకామె మెట్లెక్కి వచ్చింది. పాత చీర గుడ్డలో కట్టిన పెద్ద మూట చంకన ఉంది. పక్కకు చూడాలంటే ఆమె మెడ తిరగలేదు, మనిషే మొత్తం తిరగాల్సి వచ్చింది. నాకు విషయం సగం అప్పుడే అర్థమైంది.

"నేను పాపారపట్టి మునిరత్నం పెండ్లాన్నక్కా. నాగమ్మ. ఆ నల్ల తొట్టి ఇచ్చింది మీరే కదా?"

అవునన్నాను. ఆమె మూట నేల మీద పెట్టకుండా నా బల్ల మీద పెట్టి విప్పింది. అల్యూమినియం సంగటి సట్టి. లోపలంతా మాడు ఎండి అతుక్కుపోయి ఉంది.

"కడుక్కొని తెస్తే ఎవరు నమ్ముతారని అట్లే తెచ్చినాను" అంది.

సంగటి వండటం చూడనివాళ్లకు ఒక మాట చెప్పాలి. ఉడుకుతున్న రాగిపిండిని కట్టెతో గట్టిగా కెలికి ముద్దకు తెస్తారు. సట్టి అడుగునా అంచులకూ మందంగా మాడు పడుతుంది. అది నీళ్లలో నానాలి, తర్వాత బలంగా రుద్దాలి. ఇంట్లో ఉన్న పాత్రలన్నీ ఒక ఎత్తు, ఈ సట్టి ఒకటీ ఒక ఎత్తు.

నాగమ్మను కూర్చోమని కుర్చీ వేశాను. నిలబడటమే సులువని కూర్చోలేదు. అట్లాగే నిలబడి చెప్పుకొచ్చింది. ఆ నల్ల తొట్లలో ఈ సట్టి దిగదు, అంచు మీద కూర్చుండిపోతుంది. చిన్న పాత్రలు వేసినా అడుగుకు చెయ్యి పోవాలంటే నడుము వంచాలి. అందుకని పాలు కాచిన నాలుగో రోజు నుంచే అన్నీ పెరట్లో బండ మీద, గొంతుక్కూర్చుని కడుగుతోంది. ఏ పని చేయకూడదని డాక్టరు చెప్పాడో అదే పని, కొత్త ఇల్లు కట్టుకున్న తర్వాత కూడా.

"మరి ఆ తొట్టి?"

"దాంట్లో ప్లాస్టిక్ పూల కుండీ పెట్టినారు. వచ్చినోళ్లు ఫోటో తీసుకుంటా ఉండారు" అంది. "పోయిన వారం బండ కాడ కూచున్నదాన్ని లేసేదానికి కాలేదక్కా. మా ఆయన చేన్లో ఉన్నాడు. పిలిస్తే పలికేవాళ్లు లేరు. చేతులూనుకొని గోడదాంకా పాక్కుంటా పోయినాను. ఇట్లే ఇంకో రెండు నెలలు పోతే నేను నడిచేది నిలిచిపోతుందక్కా."

ఏడవలేదు. ఆమె ఏడ్చి ఉంటే ఓదార్చి పంపేదాన్నేమో. ఆ నిదానం చూసి నాకు సిగ్గు, కోపం రెండూ ఒక్కసారే వచ్చాయి.

"ఆయనతో చెప్పలేదా?"

"చెప్పినాను. నీకు అలవాటు కాలేదు అంటాడు."

రామ్మా అని లోపలికి తీసుకెళ్లాను. మా అంగట్లో సింకులన్నీ వరసగా గట్ల మీద బిగించి ఉంటాయి. నాగమ్మ ఆ మాడు సట్టిని ఒక్కొక్క సింకులో పెట్టి చూడసాగింది. కొళాయి కొనడానికి వచ్చిన ఒకాయన పక్కున నవ్వాడు. "ఏంటయ్యా నవ్వు? కారు కొనేటప్పుడు నువ్వు ఎక్కి కూర్చోలేదా?" అని తమిళంలోనే అడిగాను. అతను తర్వాత కొళాయి వైపు చూశాడు కానీ మా వైపు చూడలేదు.

లోతు తక్కువగా ఉండాలని నేను ముందే తేల్చుకుని, ఒక చదరపు సింకు చూపించాను. సట్టి సరిగ్గా పట్టింది. నాగమ్మ చేతులు పెట్టి చూసి, వద్దంది.

"పట్టింది కదమ్మా?"

"నిలబెట్టితే పట్టింది. సంగటి సట్టిని నిలబెట్టి కడగరక్కా. పండబెట్టి, ఎడం చేత్తో తిప్పుతా, కుడి చేత్తో రుద్దేది. తిరిగేదానికి తావుండాల."

ఇరవై రెండేళ్లుగా సింకులు అమ్ముతున్నాను. కొలతలు నిద్రలో అడిగినా చెబుతాను. ఈ ఒక్క మాట నాకు ఏ కంపెనీవాడూ చెప్పలేదు, నేనూ ఎవరినీ అడగలేదు.

చివరికి మూలనున్న ఒక స్టీలు సింకు దగ్గర ఆగింది. ఒకటే వెడల్పాటి తొట్టి, లోతు ఏడు అంగుళాలు, పక్కన డ్రెయిన్ బోర్డు, అంటే కడిగిన పాత్రలు బోర్లించే గీతల పలక. పాతకాలం మోడల్ అని రెండేళ్లుగా ఎవరూ కన్నెత్తి చూడనిది. సట్టిని అందులో పండబెట్టి ఒక చుట్టు తిప్పింది. ఎక్కడా తగల్లేదు. ఆమె నడుము వంగలేదు. "ఇది" అంది.

అదృష్టం ఏమిటంటే, దాని మొత్తం కొలత కూడా నల్లదాని లాగే ముప్పై ఏడుకు పద్దెనిమిది అంగుళాలు. గ్రానైటులో సింకు కోసం కోసిన కంతను మేము కటౌట్ అంటాం. అదే కటౌట్‌లో ఇది కూర్చుంటుంది, రాయి పగలగొట్టే పనిలేదు. వాడిన సింకు వెనక్కి తీసుకోకూడదన్నది మా నాన్న పెట్టిన నియమం. ఆ రోజు దాన్ని పక్కన పెట్టాను. తప్పు సింకని తెలిసీ అమ్మినదాన్ని నేనే కదా.

మునిరత్నానికి ఫోన్ చేశాను. గంటలో వచ్చాడు. లోపలికి వస్తూనే భార్యను నిలదీశాడు.

"చెప్పకుండా బస్సెక్కి వచ్చేసినావా? ఎంగిలి సట్టి ఎత్తుకొని అంగడికి వస్తే చూసినోళ్లు ఏమనుకుంటారు?"

జవాబు నేను ఇచ్చాను. కొళాయిల ధార చూపించడానికి మా అంగట్లో ఒక సింకుకు నీళ్ల లైను ఉంది. అది అతను కొన్న నల్ల మోడలే. సట్టి తీసుకెళ్లి దాని పక్కన పెట్టి, పీచు చేతికిచ్చాను.

"కడగండన్నా."

"నేనా?"

"తొట్టి చూసి కొన్నది మీరే కదా. మంచి తొట్టే అయితే మీకూ బాగానే ఉంటుంది."

"వద్దులేక్కా" అంది నాగమ్మ, అలవాటు కొద్దీ. తర్వాత ఆమే పక్కకు జరిగి అతనికి చోటిచ్చింది.

అంగట్లో ఉన్నవాళ్లంతా చూస్తున్నారు. పోలేడు, నిలబడలేడు. చొక్కా చేతులు పైకి లాక్కుని మొదలుపెట్టాడు. సట్టి తొట్టిలో దిగలేదు. అంచు మీద ఒరగబెట్టి కొళాయి తిప్పితే నీళ్లు సట్టి మీద పడి అతని పంచె తడిసింది. తిప్పబోతే కొళాయికి కొట్టుకుంది. పక్క తొట్టిలోకి జారిన పీచు కోసం వంగాడు, మళ్లీ వంగాడు. పొలంలో రోజంతా వంగి పనిచేసే మనిషి, పది నిమిషాలకు నడుము మీద చెయ్యి వేసుకున్నాడు. మాడు అట్లాగే ఉంది.

"చెప్పింటే తెలిసుండేది కదా" అన్నాడు భార్యతో, గొంతు తగ్గించి.

"మూడు నెలలుగా చెప్తా ఉన్నాను" అంది నాగమ్మ. "తొట్టికి వంకలు పెడతా ఉన్నానని అనుకుంటివి. నేను నా నడుము గురించి చెప్తా ఉన్నాను."

అతను తడి చేతులు పంచెకు తుడుచుకుని, ఏది కావాలో ఆమెనే అడిగాడు. క్షమించమని అడుగుతాడేమో అని చూశాను. అడగలేదు.

మర్నాడు మా ప్లంబరుతో పాటు నేనే వాళ్ల ఇంటికి వెళ్లాను. పాతది తీసి కొత్తది దించి, అంచు చుట్టూ సిలికాన్ పూసి, కింద నీళ్ల గొట్టం బిగించేసరికి మధ్యాహ్నమైంది. పక్కింటి పెద్దాయన వచ్చి చూశాడు. "నల్లది మన ఉప్పు నీళ్లకు తెల్లగా మరకలు కడుతుంది మామా. అందుకే నేనే మార్పించేసినాను" అన్నాడు మునిరత్నం, ఏమాత్రం తడబడకుండా. అసలు సంగతి నాకు నోటిదాకా వచ్చింది. నాగమ్మ కళ్లతోనే వద్దంది. పెరట్లోంచి సట్టి తెచ్చి పండబెట్టి, తిప్పుతూ కడగడం మొదలుపెట్టింది. ఆ మనిషి వీపు నిటారుగా ఉండటం చూసి నేనూ ఊరుకున్నాను.

కడుగుతూనే అడిగింది, "మీ ఇంట్లో ఎవరు కడుగుతారక్కా?"

"పనికి ఒకామె వస్తుంది. లక్ష్మి."

"ఆమెకు సరిపోతుందా, మీ తొట్టి?"

ఆ మాట నేను లక్ష్మిని ఎప్పుడూ అడగలేదు. మా ఇంట్లో సింకు, అంచు సొట్టపడి అమ్ముడుపోనిది తెచ్చి నా ఎత్తుకు బిగించుకున్నది. నేను పొడుగు. లక్ష్మి నా భుజం దాకా కూడా రాదు.

మర్నాడు పొద్దున అంగడికి పోకుండా వంటింటి గడపలో నిలబడి చూశాను. లక్ష్మి మునివేళ్ల మీద నిలబడి, పొట్ట గ్రానైటు అంచుకు ఆనించి, చీర ముందంతా తడుపుకుంటూ కడుగుతోంది. పన్నెండేళ్లుగా అట్లాగే కడుగుతోంది.

"లక్ష్మీ, ఈ సింకు నీకు సరిపోతుందా?" అని అడిగాను.

ఆమె ఉలిక్కిపడి, కడిగి బోర్లించిన గిన్నెలన్నీ ఒకసారి చూసుకుంది. "ఏమక్కా, సరిగా కడగలేదా?" అంది.

పన్నెండేళ్లలో ఆ సింకు దగ్గర నేను ఆమెతో మాట్లాడింది సరిగా కడగలేదని చెప్పడానికి మాత్రమే. మునిరత్నాన్ని పదిమందిలో నిలబెట్టి సట్టి కడిగించినదాన్ని, నన్ను నిలబెట్టడానికి ఎవరూ లేరు కాబట్టి ఇది రాస్తున్నాను.