రోడ్డు మీది వడ్లు, నేను తీసిన రాళ్లు

ఇవాళ పొద్దున వర్ని దాటిన తర్వాత కోస్తా రైతులు స్థిరపడిన ఒక క్యాంపు ఊరి దగ్గర, రోడ్డు మీద ఆరబోసిన వడ్లకు కాపలాగా పెట్టిన రాళ్లను నేను తీసి కాలువ గట్టు కిందికి దొర్లించాను. ఎవరినీ అడగలేదు. అడగడానికి ఎవరూ కనిపించలేదని నాకు నేను చెప్పుకుంటున్నాను గానీ, నిజానికి నేను చూడనే లేదు. నాకు కనిపించింది ఆ దిగుడు ఒక్కటే.

ఆ దిగుడు గురించి ముందు చెప్పాలి. నిజామాబాద్‌లో నాకు చిన్న మందుల దుకాణం ఉంది. వారమంతా కౌంటర్ వెనకాల నిలబడే మనిషికి ఆదివారం పొద్దున రెండు చక్రాల మీద ఎగిరిపోవడం అంటే ఏమిటో చెప్పినా అర్థం కాదు. నాతోపాటు మా గల్లీ దోస్తు ఒకడు వస్తాడు. బ్యాంకులో పని. ఇద్దరికీ పొట్టలు ఉన్నాయి, ఇద్దరికీ సన్న టైర్ల సైకిళ్లు ఉన్నాయి. తెల్లవారుతుండగా మల్లారం అడవిలోకి చేరేసరికి చలిగాలి చెవుల్లో ఈల వేస్తుంది. ఎండిన టేకు ఆకులు చక్రాల కింద అప్పడాల్లా విరుగుతాయి. ఎక్కుడులో ఊపిరి గొంతులోకి వస్తుంది, దిగుడులో కడుపు తేలిపోతుంది. మళ్లీ ఎక్కుడు, మళ్లీ దిగుడు. అడవి అయిపోయి వర్ని దాటగానే లోకం ఒక్కసారిగా విప్పారుతుంది. కాలువలు, వరి మళ్లు, అక్కడక్కడ చెరకు, కోత మిషన్లు తిరిగిన చేలలో కొంగలు. యాసంగి కోతల కాలంలో ఆ గాలికి పచ్చి గడ్డి వాసన ఉంటుంది. ఇవాళ ఆ వాసన తగిలిన దగ్గర్నుంచి నేను పిచ్చివాడిలా తొక్కుతున్నాను.

"జర మెల్లగ తొక్కురా, ఎవడన్న తరుముతుండా నిన్ను?" అని వెనక నుంచి నా దోస్తు అరుస్తూనే ఉన్నాడు.

క్యాంపు ముందు పెద్ద కాలువ మీద వంతెన ఉంది. వంతెన మీది నుంచి రోడ్డు ఒక వంపు తిరిగి, జారుడుబండలా ఊళ్లోకి దిగుతుంది. ఆ వంపులోనే సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. లారీలు, బస్సులు వడ్లను తొక్కకుండా అంచు పొడుగునా తలకాయంత రాళ్లు పేర్చి ఉన్నాయి. ఈ వైపు పల్లెల్లో కోతలప్పుడు ప్రతి రోడ్డూ ఇలాగే సగం కళ్లం అవుతుంది.

సైకిల్ తొక్కేవాళ్లలో ఒక అలవాటు ఉంది. ముందు పోయేవాడు వెనక వచ్చేవాడికి దారి చూపాలి. గుంత ఉంటే చెయ్యి కిందికి చూపాలి, ముళ్లకంప ఉంటే దిగి తీసేయాలి. నేను దిగాను. "ఎవడన్న బండి మీద వచ్చి గీ రాళ్లకు తాకి పడితే?" అని నా దోస్తుకు చెప్పి, వంపు పొడుగునా ఉన్న రాళ్లన్నీ తీసేశాను. ఆ మాట అబద్ధం కాదు. కానీ ఆ తర్వాత నేను సైకిల్‌ను తోసుకుంటూ మళ్లీ వంతెన మీదికి ఎందుకు వెళ్లానో అది చెప్పదు. ఫోన్‌లో వేగం కొలిచే యాప్ నొక్కి, ముందుకు వంగి, బ్రేకు ముట్టకుండా ఆ వంపులో దిగాను. కళ్లలో నీళ్లు వచ్చాయి. రోడ్డు నా కింద చీర పరిచినట్టు జారిపోయింది. యాభై ఏళ్లు దాటిన మనిషిని, నోరు తెరిచి కేక పెట్టాను.

"బుల్లెట్ లెక్క దిగినవ్ రా" అన్నాడు నా దోస్తు. ఆ మాట కోటగిరి దాకా నాకు పెట్రోల్ అయింది.

కోటగిరి దాటి మంజీర ఒడ్డుకు పోయాం. ఈ నెలలో ఏరంతా ఇసుకే, మధ్యలో ఒక పాయ మాత్రం మెరుస్తూ పారుతోంది. ఒడ్డు మీది హోటల్లో చాయ్ తాగుతుంటే పక్క బల్ల మీద మహారాష్ట్ర సరిహద్దు ఊళ్ల వాళ్లు ఇద్దరు మరాఠీలో ఎద్దుల బేరం ఆడుతున్నారు. ఫోన్ తీసి నా వేగం మళ్లీ మళ్లీ చూసుకున్నాను. ఏటి అవతల ఆకాశం నల్లబడటం ముందు నా దోస్తే గమనించాడు.

"మొగులైంది. పా, తడుస్తం."

గాలి వీపు వెనకాల ఉంది, కాళ్లు వాటంతటవే తిరుగుతున్నాయి. అదే క్యాంపు దగ్గరికి వచ్చేసరికి రోడ్డు మీద ఇద్దరు ఆడవాళ్లు పరుగులు పెడుతున్నారు. వడ్ల మధ్య నుంచి పెద్ద టైర్ల గుర్తులు పోయాయి. ఎదురుగా ఏదో బండి వస్తే లారీ పక్కకు తీసుకుని ఉంటుందని, అడ్డం రాళ్లు లేవు కాబట్టి నేరుగా వడ్ల మీదికి ఎక్కిందని చూడగానే తెలిసిపోతోంది. కొన్ని గింజలు నలిగాయి. చాలా గింజలు తారు అంచు దాటి మొరం కంకర మట్టిలో కలిశాయి.

"పా, పోదాం" అన్నాడు నా దోస్తు మెల్లగా. "మనల్ని ఎవ్వరు సూడలే."

పోయాను. తల వంచుకుని వంతెన ఎక్కాను. పైకి చేరాక కాళ్లు ఆగిపోయాయి. అక్కడి నుంచి రాళ్లు కూడా కనిపిస్తున్నాయి, గట్టు కింద, నేను దొర్లించిన చోటే. సైకిల్ తిప్పాను. ఈసారి రెండు బ్రేకులూ పట్టుకుని దిగాను.

వడ్లు క్యాంపులో ఉండే ఒక పెద్దావిడవి. ఎప్పుడో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ కాలువ కింద పొలం చేసుకుంటున్న కుటుంబం. రెండో ఆమె ఆవిడ దగ్గర కూలికి వచ్చిన పక్క ఊరి అక్క.

"అమ్మా, ఆ రాళ్లు తీసింది నేనే" అన్నాను.

పెద్దావిడ నడుము నిటారుగా చేసి నన్ను చూసింది. నా హెల్మెట్ చూసింది, తొడలకు అతుక్కున్న నల్ల నిక్కరు చూసింది.

"ఎందుకు తీశావయ్యా?"

"రోడ్డుకు అడ్డం ఉన్నాయని." అది సగమే అని నాకు తెలుసు. "నేను స్పీడుగా దిగుదామని."

"రోడ్డు మీద రాళ్లు పెట్టడం మాకూ తప్పేనయ్యా. పొద్దుగూకకముందే తీసేస్తాం. నువ్వు ఒక్క కేక వేసుంటే నేనే వచ్చి నీకు దారి ఇద్దును కదా." ఆవిడ గొంతు పెంచలేదు. "ఇవాళ మా వడ్లు కాంటా వేసే రోజు. మా ఆయన కొనుగోలు కేంద్రంలో వంతు పట్టుకుని కూర్చున్నారు. మధ్యాహ్నం లోపల తోలకపోతే వంతు పోతుంది. మళ్లీ ఎప్పుడో. ఆ వచ్చే వానకు తడిస్తే మొలకలొచ్చేస్తాయి. ఆరు నెలల కష్టం."

"ముచ్చట్లు తర్వాత పెట్టుకోండ్రి" అంది కూలి అక్క, చీపురు నా చేతిలో పెడుతూ. "ఓ సర్కస్ అన్న, నువ్వు ఊడ్సు. ఓ రెండో సర్కస్ అన్న, సంచి మూతి పట్టు."

ఇక ఆ తర్వాత జరిగింది నా జన్మలో తొక్కిన ఏ రేసు కంటే పెద్దది. మబ్బు పడమటి నుంచి లేచి చెరకు తోటల మీదికి వస్తోంది. ముందు గట్టు కిందికి దిగి రాళ్లు మోసుకొచ్చాను. పేర్చేంత సమయం లేదు. "ఆ సైకిళ్లు అడ్డం పెట్టరాదా" అంది పెద్దావిడ. నేను చంటిబిడ్డలా తుడుచుకునే సైకిల్‌ను రోడ్డు మీద అడ్డంగా పడుకోబెట్టాను, దోస్తు తనది దాని పక్కన పెట్టాడు. లారీలు హారన్ కొట్టుకుంటూ వాటిని తప్పుకుని పోయాయి. మేం ఊడ్చాం, కుప్ప చేశాం, బుట్టలతో ఎత్తి సంచుల్లో పోశాం. సైకిల్ బూట్లు తారు మీద జారుతుంటే విప్పేసి ఉత్త కాళ్లతో నిలబడ్డాను. గింజలు వెచ్చగా అరికాళ్లకు గుచ్చుకున్నాయి.

"బాంకు సారుకు సంచి కుట్టుడు వస్తలేదు, ఏం నేర్పిండ్రు నీకు?" అంది అక్క నా దోస్తుతో, వాడిది బ్యాంకు పని అని మాటల్లో తెలుసుకుని.

"లోన్లు ఇచ్చుడు నేర్పిండ్రు అక్కా."

"గది మాకు ఎరుకే."

పెద్దావిడ కూడా నవ్వింది. నవ్వుతూనే ఆకాశం చూసింది, నవ్వు ఆపేసింది.

ట్రాక్టర్ వచ్చింది. సంచులు ఎక్కించాం. ఒక సంచి నేనూ భుజం మీద పెట్టుకుని ట్రాక్టర్ దాకా మోశాను. టార్పాలిన్ తాడు చివరి ముడి నా దోస్తు వేస్తుండగా మొదటి చినుకు నా మెడ మీద పడింది. ట్రాక్టర్ వంపు తిరిగి కనుమరుగైంది. మేం నలుగురం క్యాంపులో కోత మిషన్ పెట్టే రేకుల షెడ్డు కిందికి పరుగెత్తాం. రేకుల మీద వాన ఎంత గట్టిగా పడిందంటే ఒకరి మాట ఒకరికి వినిపించలేదు. పెద్దావిడ ఫోన్‌ను రెండు చేతుల్లో పట్టుకుని కూర్చుంది. వాన కాస్త తగ్గాక అది మోగినప్పుడు మేమంతా ఆవిడ ముఖమే చూశాం.

"వంతు అందిందంట" అంది ఫోన్ పెట్టేసి. "తేమ చూశారంట, దించుకుంటున్నారంట."

నా దోస్తు నన్ను కౌగిలించుకున్నాడు. మాకు ఆ వడ్లతో ఏం సంబంధమని అంత సంతోషం? కానీ నా గుండె ఆ వంపులో దిగినప్పటికంటే గట్టిగా కొట్టుకుంది.

వానకు ముందే వేరుగా ఊడ్చి షెడ్డు మూలన పోసిన కుప్ప ఒకటి ఇంకా మిగిలింది. మొరంలో కలిసిన వడ్లు. కేంద్రంలో వాటిని తీసుకోరు.

"కోళ్లకు వేస్తాంలే. మీరు ఇక వెళ్లండి బాబూ, చీకటి పడితే ఇబ్బంది" అంది పెద్దావిడ.

"చేట ఇయ్యుండ్రి అమ్మా" అన్నాను.

ఆవిడ ఇంట్లోకి వెళ్లి జల్లెడ, చేట తెచ్చింది. అక్క నాకు చెరగడం చూపించింది. మొదట వడ్లు నా ఒళ్లో పడ్డాయి, రాళ్లు చేటలో మిగిలాయి. తర్వాత చెయ్యి కుదిరింది. దోస్తు జల్లిస్తే నేను చెరిగాను. వాన వెలిసింది, ఎండ వచ్చింది, నా నడుము విరిగిపోయినట్టయింది, కుప్ప చిన్నదయింది. చివరికి శుభ్రం చేసిన వడ్లన్నీ ఒక సంచిలో పోసి మూతి ముడిచాను.

అక్క వచ్చి ముడి విప్పింది. సంచిలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి ఒక గుప్పెడు తీసి, అరచేతిలో పరిచి చూసింది.

"రెండు రాళ్లున్నయి, అన్న."

సంచిని నేల మీద బోర్లించాను. చేట మళ్లీ చేతిలోకి తీసుకున్నాను.