ఇసుక మడుల గట్టు మీద సద్ది

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నా కాళ్లు నేల మీద ఆనేవి కావు. నేను రాకముందు లోకమంతా తప్పుగా నడిచిందనీ, ఇక వచ్చాను కనుక అన్నీ సర్దుకుంటాయనీ గట్టి నమ్మకం ఉండేది. పర్యావరణ శాస్త్రంలో పీజీ పట్టా, భుజాన ఒక సంచి, నోట్లో అవసరానికి మించిన మాటలు, ఇవీ నా ఆస్తులు. కామారెడ్డిలోని ఒక చిన్న సంస్థ నన్ను పనిలోకి తీసుకుంది. ఇండ్ల సెప్టిక్ ట్యాంకుల్లోంచి తోడిన మురికి వాగుల్లోనో చెరువుల్లోనో పడకుండా చూడటం నా పని. ఈ మాటను చుట్టాలకు ఎలా చెప్పాలో మా అమ్మకు అంతుపట్టలేదు. ఎవరడిగినా "మా బిడ్డ నీళ్ల ఆఫీసుల జేస్తుంది" అనేసేది. ఒక పెండ్లిలో మా చిన్నత్త ఊరుకోక "నీళ్లంటే ఏం నీళ్లు వదినా?" అని తవ్వింది. అమ్మ "అన్ని తీర్ల నీళ్లు" అని, పెరుగు గిన్నె పట్టుకుని వేరే బంతికి వెళ్లిపోయింది. (అసలు సంగతి ఏమిటంటే, మా ఇంట్లో ఎండుచేపలు వేయిస్తే నేను కంచం పట్టుకుని డాబా మీదికి పోయే రకం. అలాంటి ముక్కుతో ఈ ఉద్యోగం ఎలా ఒప్పుకున్నానో నాకూ తెలియదు.)

నన్ను ఎల్లారెడ్డి వైపు పంపారు. ఆ పట్టణానికి కాస్త దూరంలో, ఒక చిన్న ఊరి పొలిమేరలో (పేరు చెప్పను, చెబితే ఆ ఊరి సర్కారవ్వ నన్ను వదలదు) కొత్తగా శుద్ధి కేంద్రం కట్టారు. కేంద్రం అంటే పెద్ద యంత్రాలేమీ లేవు. బండి తెచ్చిన మురికిని మొదట ఒక తొట్టిలో పోయాలి. అక్కడి నుంచి అది కంకర, ఇసుక పరిచిన మడుల్లోకి పారుతుంది. నీళ్లు కిందికి దిగి, జమ్ము నాటిన ఇంకో మడిలో తేరుకుని, చివరికి చెట్లకు పోతాయి. పైన మిగిలింది ఎండల్లో ఎండి ఎరువవుతుంది. ఇంటింటికీ నల్లా వచ్చింది, ఇంటింటికీ మరుగుదొడ్డి వచ్చింది, మంచిదే. కానీ వచ్చిన నీళ్లు మళ్లీ ఎటు పోతున్నాయో ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. ఆ చూసే పని నాకు దొరికిందని నాకు లోలోపల మహా గర్వంగా ఉండేది.

అంతా సిద్ధమైంది, కానీ మురికి తేవడానికి బండి కావాలి. ఆ చుట్టుపక్కల సెప్టిక్ ట్యాంకులు ఖాళీ చేసే బండి అత్తరన్నది. కామారెడ్డి మనిషి, మాటల్లో తెలుగూ ఉర్దూ కలిసిపోయి ఉంటాయి. తన పని వాసన తన మీద ఉండకూడదని పొద్దున్నే చెవుల వెనక, చొక్కా కాలరు మీద, రుమాలు మీద అత్తరు పట్టించుకుని గానీ స్టీరింగు ముట్టేవాడు కాదు. అందుకే ఆ పేరు. నాకు పేరు పెట్టింది కూడా ఆయనే, "కంపు మేడం" అని. ఆ పేరు ఎల్లారెడ్డి బస్టాండు చాయ్ హోటల్ దాకా పాకింది. "అన్నా, ఇకమీద బండి మా మడుల కాడికే రావాలె" అని నేను బతిమాలితే, "వస్త మేడం, ఫికర్ చెయ్యకండి. నాక్కూడ ఇజ్జత్‌గ ఒక జాగ కావాలె గద" అన్నాడు.

మొదటి బండి వచ్చిన రోజున ఊరి వాళ్లు దారికి అడ్డంగా ట్రాక్టరు నిలబెట్టారు. ట్రాక్టరు ముందు సర్కారవ్వ నిలబడింది. ఆమె సర్పంచి కాదు, వార్డు మెంబరు కూడా కాదు. కానీ ఆ ఊళ్లో బోరు వెయ్యాలన్నా, బోనాలు తియ్యాలన్నా ఆమె "సరే" అనాలి. ఆమె పొలం సరిగ్గా మా మడుల పక్కనే.

"ఎవలు గీ పని పెట్టింది?" అంది.

"నేనే అవ్వా" అన్నాను, కాస్త ముందుకు జరిగి.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "నువ్వా? గాలొస్తే పడిపోయేటట్టున్నవ్. పట్నం గలీజంత దెచ్చి మా ఊరి మీద పోస్తవా?"

నేను శుద్ధి గురించి చెప్పడం మొదలుపెట్టాను. కంకర గురించి, ఇసుక గురించి, కంటికి కనబడని సూక్ష్మజీవులు మనకు చేసే మేలు గురించి. మధ్యలో పుల్ల తీసుకుని మట్టి మీద బొమ్మ కూడా గీశాను. నా జీవితంలో అంత మంచి ఉపన్యాసం మళ్లీ ఇవ్వలేదు. అవ్వ చివరిదాకా ఓపిగ్గా విని, బొమ్మ మీద నుంచే నడిచి నా దగ్గరికి వచ్చింది.

"గవన్ని నాకెందుకు బిడ్డా. వాసనొస్తదా, రాదా? గది జెప్పు."

"రాదు."

"ఎట్ల నమ్మాలె?"

ఇక్కడే నా నోరు నన్ను దాటిపోయింది. "గా మడుల గట్టు మీదనే కూసోని బువ్వ తింట. నువ్వే జూడు!" అన్నాను.

"ఎప్పుడు?"

"ఎప్పుడంటే అప్పుడు."

"అయితే రేపు తిను" అంది అవ్వ. ట్రాక్టరు పక్కకు జరిగింది గానీ, బండిని మాత్రం రేపటిదాకా లోపలికి రానివ్వలేదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, "అమ్మా, రేపు సద్ది మంచిగ కట్టు, ఊరందరి ముందట తినాలె" అన్నాను. అమ్మ ముఖం వెలిగిపోయింది. "ఊరంత పిలిచి బువ్వ పెడుతుండ్రా నీకు!" అని పొద్దున్నే లేచి బగార అన్నం, వంకాయ కూర చేసి పెద్ద టిఫినులో సర్దింది. నిజం చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

మర్నాడు నేను వెళ్లేసరికి గోనె సంచులు పరుచుకుని సగం ఊరు కూర్చుని ఉంది. గట్టు మీద నాకో పీట కూడా వేశారు. టిఫిను విప్పాను. నా భోజనానికి వ్యాఖ్యానం మొదలైంది. "బుక్క పెట్టింది." "నములుతుంది." "మింగిందా?" "ఇంకా లేదు." "ఆఁ, మింగింది!" అందరి ముందూ అన్నం తినడం ఇంత కష్టమని పెండ్లికూతుళ్లకు తప్ప ఇంకెవరికీ తెలిసి ఉండదు. సరిగ్గా అప్పుడే అత్తరన్న బండి వచ్చింది. బండికంటే ముందు దాని అత్తరు వచ్చింది. ఈ రోజు ఊరందరి ముందు పరువు నిలబెట్టాలని ఆయన ఒక సీసా మొత్తం వాడాడు. చొక్కా మీదే కాదు, ట్యాంకు మీద, పైపు మీద, చక్రాల మీద కూడా. దిగి అందరికీ సలాం చేసి, పైపు తొట్టి అంచు మీద పెట్టి వాల్వు తిప్పాడు. మురికి అంత ఎత్తు నుంచి ధడధడా పడింది.

ఆ వాసనను మాటల్లో పెట్టడం కష్టం. ఒట్టి మురికి వాసనైతే ఎలాగో ఓర్చుకునేవాళ్లం. అత్తరుతో కలిసేసరికి అది పెండ్లి పందిరిని తీసుకొచ్చి పెంటకుప్ప మీద వేసినట్టు అయింది. జనం తుమ్ములు. కొంగులు ముక్కుల మీదికి. ఒక పెద్దాయన తువాలు మూతికి కట్టుకుని పొలాల్లోకి నడిచాడు. నా నోట్లో బుక్క మింగరాదు, ఉమ్మరాదు. కళ్లలో నీళ్లు తిరుగుతుండగా దాన్ని మింగాను. అయితే ఆ వీరత్వాన్ని చూసినవాళ్లు లేరు. అందరూ వీపు తిప్పి ఉన్నారు.

అవ్వ మాత్రం కదల్లేదు. "అత్తరు గొట్టి మమ్ముల ఎడ్డోళ్లను జేస్తుండ్రా?" అని గర్జించింది.

"ఖసమ్ అవ్వా! ఇజ్జత్ కోసం కొట్టిన, మోసం కోసం కాదు" అన్నాడు అత్తరన్న. ఆయన ముఖం చిన్నబోయింది. రుమాలుతో కాలరు రుద్దుకుంటూ, "వద్దంటే పోత. గని బండి నిండినంక ఏడనో ఒకకాడ పోయాల్నా వద్దా? మొన్న దాక వాగులనే పోసిన" అన్నాడు.

"ఏ వాగుల?"

"మీ వాగులనే."

"మా బర్లు నీళ్లు తాగే కాడనా?" అంది అవ్వ.

"లేదవ్వా, గంత గలీజు పని చేస్తనా? కొంచెం పైన" అన్నాడు ఆయన, చాలా మర్యాదగా.

"పైన పోస్తే కిందికి రాదార!"

ఆడవాళ్లందరూ ఒకేసారి లేచారు. అత్తరన్న వచ్చి నా పీట వెనక నిలబడ్డాడు. నేను టిఫిను గిన్నె చేతిలో పట్టుకునే లేచి, "అవ్వా, గందుకే ఈ మడులు. ఈడ వద్దంటే బండి ఆగదు, వాగుకే పోతది. వాగు ఒడ్డు పొంటి మీ బాయిలున్నయ్. వాసన సంగతి నాకు ఇడిసిపెట్టు" అన్నాను. ఆ ఊరికి అప్పటిదాకా నేను చెప్పినవాటిలో బొమ్మ గియ్యకుండా చెప్పిన మాట అదొక్కటే. అవ్వ ఒకసారి వాగు వైపు, ఒకసారి మడుల వైపు చూసింది. "వాసనకు దారి జూడు. మల్ల రేపు తిను" అంది. వెళ్తూ వెళ్తూ అత్తరన్న వైపు వేలు చూపించి, "అత్తరు లేకుంట!" అంది.

నేను మా సంస్థ పెద్దసారుకు ఫోన్ చేశాను. "సార్, నా భోజనం సగంలో ఆగిపోయింది" అన్నాను. ఆయన "ఆరోగ్యం జాగ్రత్తమ్మా, మజ్జిగ తాగు" అని పెట్టేశారు. ఇక నా బుర్రే నాకు దిక్కు. తొట్టి చుట్టూ తిరిగాను. మురికి పైనుంచి పడి చెదురుతోంది కనుక గాలికి అంత వాసన లేస్తోంది. పడకుండా లోపలికి జారితే? ఊళ్లో మేస్త్రీని బతిమాలి తొట్టి మీదికి సిమెంటు మూతలు సర్దించాను. ఒక మూతకు కంత పెట్టించి, లావు పైపు తొట్టి అడుగు దాకా దించాము. బండి పైపూ ఈ పైపూ కలిసేచోట సందు మిగిలింది. అప్పుడు ట్రాక్టరు పాత ట్యూబు ముక్క కోసి తొడిగి, క్లిప్పు బిగించమన్నాను. (దారికి అడ్డం పెట్టిన ట్రాక్టరుదే ఆ ట్యూబు. ఇచ్చినాయన ముందురోజు నా మీద అందరికంటే ఎక్కువ అరిచినాయన.) ఇంజనీర్లు గీసిన ఏ బొమ్మలోనూ లేని ఆ రబ్బరు ముక్క నా సొంత ఆలోచన. ఎవరూ అడగకపోయినా ఈ సంగతి ఇప్పటికీ చెబుతూ ఉంటాను.

రెండో రోజు జనం ఇంకా ఎక్కువ వచ్చారు. అత్తరన్న ఉతికిన చొక్కా వేసుకుని, అత్తరు లేకుండా, బట్టల్లేకుండా వచ్చినవాడిలా సిగ్గుపడుతూ బండి దిగాడు. పైపు తొడిగి క్లిప్పు బిగించాడు. "పైపు కలిపేటప్పుడు, తీసేటప్పుడు కొంచెమొస్తది. అబద్ధం చెప్ప. ఓర్చుకోండ్రి" అన్నాను గట్టిగా. వాల్వు తిరిగింది. మూతల కింద ఎక్కడో గలగలమని జారుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నేను అన్నం కలిపాను. అవ్వ నాలుగు దిక్కులకూ తిరిగి నాలుగు సార్లు గాలి పీల్చింది.

"వస్తుంది" అంది.

"కొంచెం" అన్నాను.

వెనక నుంచి ట్రాక్టరాయన, "మన బర్ల కొట్టం కంటె తక్వనే ఉన్నది గదనే" అన్నాడు.

"మా కొట్టం జోలికి రాకు!" అని కసిరి, అవ్వ వచ్చి గట్టు మీద నా పక్కనే కూర్చుంది. టిఫినులోకి తొంగిచూసి, "ఏం కూర?" అంది. వంకాయ అన్నాను. చెయ్యి చాపింది. ఒక ముద్ద పెట్టాను. నమిలి, మింగి, ఊరంతా ఊపిరి బిగబట్టి చూస్తుండగా తీర్పు చెప్పింది. "ఉప్పెక్కువైంది."

ఆ నవ్వులు ఎల్లారెడ్డి బస్టాండు దాకా వినపడి ఉంటాయి. అవ్వ మాత్రం నవ్వలేదు. చెయ్యి కడుక్కుని రెండు షరతులు పెట్టింది. శుద్ధి అయిన నీళ్లు చెట్లకే పోవాలి, బొట్టు కూడా ఊరి కుంటలోకి దిగకూడదు. కాలం మారినప్పుడల్లా ఊరి బావి నీళ్లు ఊరందరి ముందూ పరీక్ష చేసి చూపించాలి. "నేనే చేస్తనవ్వా, నా చేతులతోని" అన్నాను. నేను ఊరిని ఒప్పించి రాయించుకోవాల్సిన మాటలు అవి. వాళ్లే నాతో ఒట్టు వేయించుకున్నారు.

తర్వాత అత్తరన్నను చూసి మిగతా బండ్ల వాళ్లూ అక్కడికే రావడం మొదలుపెట్టారు. మరుసటి ఎండాకాలం వాగు మడుగుల్లో ఆడవాళ్లు మళ్లీ బొంతలు ఉతుక్కున్నారు. బావి నీళ్లు పరీక్షించినప్పుడల్లా నా చేతిలోని సీసాను ఊరంతా ఓట్ల లెక్కింపు చూసినట్టు చూసేది. ఒక్కసారి కూడా నేను తల దించుకోవాల్సి రాలేదు. మొదటి ఎరువును ఎవరూ ముట్టుకోకపోతే, అవ్వే బండెడు తోలించుకుని తన టేకు మొక్కలకు వేసింది. అవి ఏపుగా లేచాక మిగతావాళ్లు ఆమె సిఫారసు కోసం తిరిగారు.

ఇవన్నీ తర్వాతి సంగతులు. ఆ రెండో రోజు సాయంత్రం మాత్రం నేను యుద్ధం గెలిచినదానిలా ఎల్లారెడ్డిలో కామారెడ్డి బస్సు ఎక్కాను. ఇంత ఘనకార్యం చేసి వస్తుంటే బస్సులో ఒక్కరికీ తెలియకపోవడం నాకు అన్యాయంగా తోచింది. పక్క సీట్లో కూరగాయల గంపతో ఒక పెద్దమ్మ కూర్చుని ఉంది. ఆమె "ఏడికెళ్లి వస్తున్నవ్ బిడ్డా?" అని అడిగింది. అంతే. తొట్టి, మడులు, జమ్ము, మూతలు, రబ్బరు ట్యూబు, ఉప్పెక్కువైన కూర, ఒక్కటీ వదలకుండా చెప్పాను. ఆమె అబ్బో అంది, అయ్యో అంది, ఒకచోట నా చెయ్యి పట్టుకుని నవ్వింది. అంతా విని, "మంచి పని జేసినవ్ బిడ్డా. మా దిక్కు గూడ గిట్లాంటిది పెట్టియ్యరాదు" అంది. నా గుండె పొంగిపోయింది. "తప్పకుండ పెద్దమ్మా! ఏ ఊరు మీది?" అన్నాను.

ఆమె కిటికీలోంచి బయటికి చూసి, గంప సర్దుకుంటూ నెమ్మదిగా అంది: "లింగంపేట బిడ్డా. ఎప్పుడో దాటిపోయింది. నువ్వు గంత సంబురంగ చెప్తుంటె నడుమ లేవబుద్ధి గాలె."

ఇప్పుడు నేను అంతగా మాట్లాడను. మాట్లాడే ముందు ఎదుటివాళ్లు ఎక్కడ దిగాలో అడుగుతాను. అయినా అప్పుడప్పుడు ఆ దారిలో బస్సు ఎక్కినప్పుడు, చేతులు తిప్పుతూ ఊపిరాడకుండా తన గొప్ప చెప్పుకుంటున్న ఆ పిల్ల నా పక్కనే కూర్చున్నట్టు ఉంటుంది. లింగంపేట వస్తుంది, పోతుంది. ఆపమని చెప్పడానికి నాకూ నోరు రాదు.